అతి పెద్ద బల్లి ఏది? ముందు తోకను లెక్కలోంచి తీసేయండి

ప్రపంచంలో అతి పెద్ద బల్లి ఏదని వెతికితే మూడు పేర్లు ఎదురవుతాయి. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియా దీవుల రాక్షస బల్లి, ఆగ్నేయాసియా టోకే, ఫ్రాన్సులో మార్సెయి మ్యూజియంలో ఎండిపోయి ఉన్న డెల్కోర్ బల్లి. జాబితాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే కాబట్టి అంకెలు కూడా దాదాపు అవే: 36 సెం.మీ., 35 సెం.మీ., 60 సెం.మీ. ఏ అంకె తోకతో కలిపి కొలిచింది, ఏది తోక వదిలేసి కొలిచింది, ఏది ఒకే ఒక్క జంతువుది అన్న సంగతి మాత్రం చాలామంది రాయరు. నేననేది ఇంతే: బల్లుల పోలికలో మొత్తం పొడవు పనికిరాదు. అది ఉన్న జాబితా ఎంత అందంగా ఉన్నా నమ్మకండి.

ముందు ఒక గిరి గీసుకుందాం. ఇక్కడ బల్లి అంటే బల్లే, ఇంగ్లీషులో గెకో అనేది. ఉడుము కాదు, తొండ కాదు, నలికండ్లపాము కాదు. విశాఖలో కంబాలకొండ వైపో సింహాచలం మెట్ల దగ్గరో రెండడుగుల బల్లిని చూశామని ఎవరైనా చెబితే వాళ్ళు చూసింది ఉడుమే అనుకోవచ్చు. పట్టపగలు నేల మీద తిరుగుతూ, పొడవాటి మెడ చాచి, చీలిన నాలుకను మాటిమాటికీ బయటికి ఆడిస్తోందంటే ఇక సందేహం అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏ బల్లీ రెండడుగులు ఉండదు. ఇప్పుడు బతికున్న బల్లుల్లో ప్రపంచం మొత్తం మీద ఎక్కడా ఉండదు.

పరిశోధకులు బల్లిని మూతి కొస నుంచి మలద్వారం దాకా కొలుస్తారు. దీన్ని ఇకపై ఒంటి పొడవు అంటాను. తోకను వేరే గడిలో రాస్తారు, అది పుట్టుకతో వచ్చిందా, ఊడి మళ్ళీ మొలిచిందా అన్నది పక్కన రాస్తారు. ఇది ఛాదస్తం కాదు. చాలా బల్లులు ప్రమాదంలో తోక వదిలేస్తాయని అందరికీ తెలుసు. మళ్ళీ మొలిచే తోకలో వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి కడ్డీ మాత్రమే ఉంటుంది. అది సాధారణంగా పాతదానికన్నా పొట్టిగా, కొన్నిట్లో ముల్లంగిలా లావుగా వస్తుంది, పొలుసుల వరస కూడా మారిపోతుంది. అంటే ఒకే బల్లి జూన్‌లో 24 సెం.మీ. ఉండి జులైలో 14 సెం.మీ. కావచ్చు, మరుసటి ఏడాది 21 కావచ్చు. ఈ ఏడాదిలో దాని ఒళ్ళు ఒక్క మిల్లీమీటరు కూడా మారి ఉండకపోవచ్చు.

న్యూ కలెడోనియాలోనే ఉండే క్రెస్టెడ్ గెకో ఇంకా తలతిక్కది. 1866లో శాస్త్రీయంగా తొలిసారి వర్ణించారు. ఆ తర్వాత చాలాకాలం కనబడక అంతరించిందనుకున్నారు, 1994లో మళ్ళీ దొరికింది. దాని తోక ఒకసారి ఊడితే మళ్ళీ మొలవదు. అడవిలో దొరికే పెద్ద బల్లుల్లో చాలావాటికి తోకే ఉండదు. మరి దాని 'మొత్తం పొడవు' 20 సెం.మీ. అని రాయాలా, 12 అని రాయాలా? పెంపుడు బల్లిని కొలిచినవాడు మొదటిది రాస్తాడు, అడవిలో కొలిచినవాడు రెండోది రాస్తాడు. ఇద్దరిదీ తప్పు కాదు. వాళ్ళు ఎంచుకున్న కొలబద్ద తప్పు.

ఇప్పుడు అసలు పోటీకి వద్దాం. న్యూ కలెడోనియా రాక్షస బల్లి, శాస్త్రీయ నామం రాకోడాక్టిలస్ లీచియానస్, ఒంటి పొడవులో 25 సెం.మీ. వరకు, అరుదుగా ఇంకొంచెం ఎక్కువగా పెరుగుతుంది. దాని తోక పొట్టిది, ఒంట్లో సగం కూడా ఉండదు. అందుకే మొత్తం పొడవు 36 దగ్గర ఆగుతుంది. టోకే ఒంటి పొడవు బాగా ఎదిగిన మగవాటిలో 18 సెం.మీ. దగ్గర ఉంటుంది. కానీ దాని తోక దాదాపు ఒంటితో సమానం. 18కి 17 కలిపితే 35. జాబితాలో ఈ రెండూ పక్కపక్కన, ఒక్క సెంటీమీటరు తేడాతో కూర్చుంటాయి. చేతిలో పట్టుకుంటే అవి ఒకే తరగతి జంతువులే కావు.

ఎంత తేడానో లెక్కకట్టడం కష్టం కాదు. ఆకారం ఒకేలా ఉన్న రెండు జంతువుల్లో పొడవు రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే వెడల్పూ మందమూ కూడా రెట్టింపవుతాయి. 25ని 18తో భాగిస్తే 1.39. దాని ఘనం, అంటే 1.39 × 1.39 × 1.39, దాదాపు 2.7. అంటే ఒకే పోలిక ఒళ్ళనుకున్నా రాక్షస బల్లి టోకేకి రెండున్నర రెట్ల పైనే. పైగా అది టోకే కన్నా బొద్దుగా, చర్మం మడతలు మడతలుగా ఉంటుంది. మొత్తం పొడవుల జాబితా ఈ తేడా అంతటినీ ఒక్క సెంటీమీటరులోకి కుదించేసింది.

ఇదే రోగం మరో చోట ఇంకా ముదిరింది. హిందూ మహాసముద్రంలో రోడ్రిగ్స్ ద్వీపంలో ఫెల్సుమా గిగాస్ అనే పెద్ద పగటి బల్లి ఉండేది. ఇప్పుడు లేదు, అంతరించింది. మొత్తం పొడవు 40 సెం.మీ. అని రాస్తారు. ఆ అంకె ప్రకారం అది రాక్షస బల్లిని మించిపోవాలి. కానీ దాని ఒంటి పొడవు 19 సెం.మీ. చుట్టుపక్కలే, టోకేకి ఒక మెట్టు పైన. మడగాస్కర్ ఆకుతోక బల్లుల్లో అతి పెద్దదైన యూరోప్లాటస్ గైగాంటియస్‌ను 2006లో వర్ణించారు. అది కూడా ఒంటి పొడవులో 20 సెం.మీ. వరకే. న్యూజిలాండులో ఇప్పుడు బతికున్న అతి పెద్దది డువాసెల్ బల్లి, 16 సెం.మీ. పైచిలుకు. అంటే 16 నుంచి 20 దాకా ఒక గుంపు కిక్కిరిసి ఉంది. దాని పైన చాలా ఖాళీ వదిలి 25 దగ్గర రాక్షస బల్లి ఒక్కటే నిలబడింది. మొత్తం పొడవుతో చూస్తే ఈ ఖాళీ కంటికి ఆనదు. నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఆ ఖాళీయే.

ఆ ఖాళీకి పైన, ఇంకా పెద్ద ఖాళీ వదిలి, మార్సెయి బల్లి.

దాని ఒంటి పొడవు 37 సెం.మీ., తోకతో కలిపి 60 దాటుతుంది. లోకంలో ఉన్నది ఒక్క నమూనా, అదీ లోపలి అవయవాలు తీసేసి కూరిపెట్టిన తోలు. ఎప్పుడు పట్టారో, ఎక్కడ పట్టారో చెప్పే కాగితం లేదు. శాస్త్రవేత్తలు ఆరన్ బావర్, ఆంథొనీ రస్సెల్ 1986లో దాన్ని వర్ణించి, మ్యూజియంలో దాన్ని గుర్తించిన అలెన్ డెల్కోర్ పేరు పెట్టారు. ఊరు న్యూజిలాండు అయ్యుంటుందన్నారు. అందుకు వాళ్ళకు దొరికిన ఆధారాల్లో పరిమాణం ఒకటి. 1870లో న్యూజిలాండు మూలవాసులైన మావోరీల పెద్ద ఒకరు చెట్టు బెరడు కింద ఒక బల్లిని చంపాడనీ, అది రెండడుగుల పొడవు, మనిషి మణికట్టంత మందం ఉందనీ 1873లో అచ్చయిన ఒక కథనం ఉంది. మావోరీలు దాన్ని కావెకావెయావు అనేవారు. రెండడుగుల కథ, రెండడుగుల తోలు. రెండూ ఒకటేనని 37 ఏళ్ళు పుస్తకాల్లో నడిచింది. 2023లో మాథ్యూ హైనికీ, బావర్, మరికొందరు ఆ నమూనా తొడ ఎముకలోంచి డీఎన్‌ఏ తీసి చూస్తే, అది న్యూ కలెడోనియా బల్లుల కుదురులో పడింది. న్యూజిలాండు బల్లులతో దగ్గరి చుట్టరికమే లేదు. ఇప్పుడు దాని పేరు గిగార్కానమ్ డెల్కోర్టి.

పరిమాణం సరిపోయింది కాబట్టి జంతువూ అదే అనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి తప్పు మనవైపు కూడా జరిగింది. ఇందాక చెప్పిన డువాసెల్ బల్లికి ఆ పేరు భారతదేశంలో నమూనాలు సేకరించిన అల్ఫ్రెడ్ డువాసెల్ నుంచి వచ్చింది. 1836లో దాన్ని వర్ణించినప్పుడు అది బెంగాలుదని పొరబడ్డారు. న్యూజిలాండు బల్లిని బెంగాలుకిచ్చి, న్యూ కలెడోనియా బల్లిని న్యూజిలాండుకిచ్చారన్న మాట.

కూరిన తోలు కదా, సాగి ఉంటుంది, 37ని ఎలా నమ్మడం అని అడగొచ్చు. అడగాలి కూడా. తడి తోలు కూర్చేటప్పుడు సాగుతుంది, ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. ఏది ఎంతన్నది ఒక్క నమూనాతో తేలదు. కానీ పది శాతం సాగిందనే అనుకోండి, అప్పటికీ 33 సెం.మీ. పైనే ఉంటుంది, రాక్షస బల్లి దరిదాపుల్లోకి రాదు. కాబట్టి మొదటి స్థానం దానిదే. అయితే జాబితాలో దాన్ని వేరే గీత కింద, 'నమూనా ఒకటి' అని పక్కన రాసి పెట్టాలంటాను. రాక్షస బల్లి 25 అనేది ఎన్నో జంతువుల్లో పెద్దదానిది. డెల్కోర్ 37 అనేది చేతికి దొరికిన ఒకే ఒక్కదానిది, అది తన జాతిలో పెద్దదో చిన్నదో మధ్యరకమో ఎవరు చెప్పగలరు?

బరువు సంగతి. తోలుకు బరువు తూచి లాభం లేదు కాబట్టి లెక్కే గతి. రెండు వైపుల నుంచి కట్టి చూడండి. మన ఇంటి గోడబల్లి ఒంటి పొడవు 5.5 సెం.మీ., బరువు 4 గ్రాములు అనుకుందాం. 37ని 5.5తో భాగిస్తే 6.7. దాని ఘనం 300 చిల్లర. నాలుగు గ్రాములతో గుణిస్తే కిలోన్నరకు లోపు, 1.2 కిలోలు. రెండోవైపు, 25 సెం.మీ. రాక్షస బల్లి 300 గ్రాములు అనుకుంటే, 37ని 25తో భాగించి ఘనం చేస్తే 3.2, బరువు 970 గ్రాములు. ఒకటి గోడబల్లి నుంచి, ఒకటి రాక్షస బల్లి నుంచి బయల్దేరి రెండు లెక్కలూ కిలో చుట్టూనే చేరాయి. ఇది అంచనాయే, కొలత కాదు. కానీ ఎక్కడైనా 'మూడు కిలోల రాక్షస బల్లి' అని చదివితే కొట్టిపారేయడానికి ఇది చాలు.

కిలో బల్లి గోడెక్కగలదా అన్నది న్యాయమైన ప్రశ్న. బల్లి పాదం అంటుకునేది వైశాల్యాన్ని బట్టి. పొడవు రెట్టింపయితే పాదం వైశాల్యం నాలుగు రెట్లు, మోయాల్సిన బరువు ఎనిమిది రెట్లు. పెరిగే కొద్దీ బల్లి ఈ పందెంలో ఓడుతూ ఉంటుంది. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు పురుగుల నుంచి బల్లుల దాకా 225 జాతుల అంటుడు పాదాలు పోల్చి చూశారు. పెద్ద జంతువులు ఒంటి ఉపరితలంలో అంతకంతకు ఎక్కువ భాగం పాదాలకే కేటాయించాల్సి వస్తోందనీ, బల్లుల దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి హద్దుకు చేరుతోందనీ తేలింది. మనిషి అలా గోడెక్కాలంటే ఒంట్లో 40 శాతం జిగురు పాదమే కావాలట. రాక్షస బల్లికి మెత్తలతో పాటు గట్టి గోళ్ళున్నాయి, తోక కొసన కూడా అంటుకునే మెత్త ఉంది, ఉండేది చెట్ల మీద. బెరడు మీద గోరు దిగుతుంది. నున్నటి టైల్ మీద దిగదు. మన వంటింట్లో టైల్స్ మీద పరుగెత్తే బల్లి చిన్నది కాబట్టే పరుగెత్తగలుగుతోంది.

ద్వీపాల్లోనే ఇంత పెద్దవి ఎందుకంటే, న్యూ కలెడోనియాకు మనుషులు చేరేదాకా గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదాలు లేవు, చెట్ల మీద రాత్రి వేటగాడి ఉద్యోగం ఖాళీగా ఉంది అని మామూలుగా చెబుతారు. చాలావరకు ఒప్పుకోవచ్చు. కానీ 'చిన్న ద్వీపం అయితే పెద్ద బల్లి' అని సూత్రం చేసేస్తే దెబ్బతింటారు. అదే రాక్షస బల్లి పెద్ద దీవి గ్రాండ్ టెర్ మీద పెద్దగానూ, దక్షిణాన ఐల్ ఆఫ్ పైన్స్ చుట్టూ ఉన్న చిన్న దీవుల్లో చిన్నగానూ ఉంటుంది.

బరువు మీద ఇంకో మాట, ఇది సరదా విషయం కాదు. టోకే ఈశాన్య రాష్ట్రాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది, విశాఖ గోడల మీద సహజంగా ఉండదు. అది ఎయిడ్స్‌కు మందు అనీ, 300 గ్రాములు దాటితే లక్షలు, ఇంకా పెద్దదైతే కోట్లు పలుకుతుందనీ ఒక పుకారు పదిహేనేళ్ళుగా తిరుగుతోంది. మందు అనడానికి ఆధారం లేదు. 2011లోనే ఫిలిప్పీన్స్ ప్రభుత్వం దాన్ని నమ్మవద్దని హెచ్చరించింది. ఆ 'కనీస బరువు' షరతును మాత్రం ఒకసారి పరిశీలించండి. పైన వాడిన గోడబల్లి లెక్కతోనే 18 సెం.మీ. టోకే బరువు కట్టితే 140 గ్రాములు వస్తుంది. బొద్దుగా ఉందని ఇంకో యాభై కలపండి. 300 గ్రాముల టోకే దొరకడం దుర్లభం. అందుకే ఆ షరతు పెట్టేవాడికి భయం లేదు. పట్టినవాడు తెచ్చిన ప్రతి బల్లినీ తక్కువ బరువని తిప్పి పంపొచ్చు, ఈలోగా అడ్వాన్సు పేరుతో డబ్బు గుంజొచ్చు. పోయేవి బల్లులు, జైలుకెళ్ళేది పట్టినవాడు. మన వన్యప్రాణి చట్టం కింద అది రక్షిత జంతువు, 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) అదుపు ఉంది.

ఇక మన కొండలకు వద్దాం. తూర్పు కనుమల్లో పెద్ద బల్లులు లేవా అంటే ఉన్నాయి, మన కొలతలో. హెమిడాక్టిలస్ గైగాంటియస్‌ను 1871లో స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త వర్ణించింది భద్రాచలం దగ్గర గోదావరి లోయ నుంచి. ఒంటి పొడవు 12, 13 సెం.మీ., అంటే మన ఇంటి బల్లికి రెట్టింపు పైన, బరువులో పది రెట్లకు పైగా. ఇదే కుటుంబంలో ఒళ్ళంతా బుడిపెలతో ఉండే మరో పెద్ద బల్లి, హెమిడాక్టిలస్ సుశీల్‌దత్తై, తూర్పు కనుమల నుంచే 2017లో వర్ణించబడింది. ఒంటి మీద పట్టీలు, చుక్కలతో, కంటికి రెప్పలుండి, గోడెక్కలేక నేల మీద నడిచే యూబ్లెఫారిస్ పిక్టస్‌ను 2022లో కొత్త జాతిగా గుర్తించారు, విశాఖపట్నంలో దొరికిన నమూనా ఆధారంగానే. దాని ఒళ్ళు సుమారు 12 సెం.మీ. విషపు జంతువని కర్ర తీసుకునేవాళ్ళకు ఒక ముక్క: ప్రపంచంలో విషమున్న బల్లి జాతి ఒక్కటీ లేదు. శకునాల సంగతి పంచాంగం చూసుకుంటుంది.

ఈ స్థానిక జాతులు ఎంత పెద్దవవుతాయో చెప్పే కొలతలు తక్కువే ఉన్నాయి, ఫోటోలు మాత్రం కోకొల్లలు. ఫోటో నుంచి ఒంటి పొడవు తీయొచ్చు, కొన్ని జాగ్రత్తలు పడితే. బల్లిని పట్టుకోవద్దు. తోక వదిలేస్తుంది, కొన్నిటికి చర్మం కూడా చిరుగుతుంది, పైగా అడవి జంతువును పట్టడానికి అనుమతి కావాలి.

కొలత తప్పడానికి మొదటి కారణం దూరం. కెమెరా గోడకు మీటరు దూరంలో ఉంటే, మీరు ఏటీఎం కార్డును గోడకు 20 సెం.మీ. ముందు పట్టుకుంటే, కార్డు నాలుగో వంతు పెద్దదిగా పడుతుంది, దానితో పోల్చిన బల్లి 20 శాతం చిన్నదైపోతుంది. వాట్సాప్‌లో తిరిగే భారీ బల్లులన్నీ దీనికి తిరగేసిన కిటుకే. బల్లిని కెమెరా వైపు చాచి పట్టి, మనిషి వెనక నిలబడతాడు. కెమెరాకు బల్లి 40 సెం.మీ., ముఖం 80 సెం.మీ. దూరంలో ఉంటే ముఖంతో పోల్చి బల్లి రెట్టింపు కనిపిస్తుంది. కొలబద్ద, బల్లి ఒకే గోడ మీద, ఒకే తలంలో ఉండాలి. దగ్గరికెళితే పారిపోతుంది కాబట్టి, ఫోన్ స్టాండు మీద పెట్టి ఫోటో తీసి, అది వెళ్ళిపోయాక ఫోన్ కదపకుండా అదే చోట స్కేలు ఆనించి రెండో ఫోటో తీయండి. స్టాండు లేకపోతే స్విచ్‌బోర్డు, టైల్ అతుకు, మేకు లాంటివి ఫ్రేములో పడేలా చూసుకుని, తర్వాత టేపుతో వాటిని కొలవండి. నేల మీదైతే పది రూపాయల నాణెం 27 మి.మీ., కార్డు పొడవు 85.6 మి.మీ.

రెండో కారణం కోణం. కింద నుంచి పైకి తీసిన ఫోటోలో నిలువుగా ఉన్న బల్లి పొట్టిదైపోతుంది. గోడకు ఎదురుగా, లెన్సు బల్లి ఎత్తులో ఉండాలి. ఫోన్ వైడ్ లెన్సు అంచుల్లో సాగదీస్తుంది, అందుకని రెండడుగులు వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్‌లో, బల్లి ఫ్రేము నడిమధ్యన ఉండేలా తీయండి.

లెక్క సులువు. కార్డు 428 పిక్సెళ్ళు వస్తే మిల్లీమీటరుకు 5. బల్లి మూతి నుంచి మలద్వారం దాకా 600 పిక్సెళ్ళు ఉంటే 120 మి.మీ. ఒళ్ళు వంకర తిరిగి ఉంటే ఒకే గీత గీయకుండా వెన్ను వెంట ముక్కలుగా గీసి కలపాలి. ఇమేజ్‌జె అనే ఉచిత ప్రోగ్రాములో ఆ సదుపాయం ఉంది. పై నుంచి తీసిన ఫోటోలో మలద్వారం కనబడదు. వెనక కాళ్ళు ఒంట్లో కలిసే చోట వెనక అంచుల్ని కలిపే గీతను హద్దుగా తీసుకోండి, కొద్దిపాటి తేడా వస్తుంది, రాసేటప్పుడు అంచనా అని రాయండి. రాత్రి కిటికీ అద్దానికి బయటివైపు అంటుకున్న బల్లి అన్నిటికన్నా మేలు. పొట్టవైపు మొత్తం కనిపిస్తుంది, మలద్వారం గీత స్పష్టంగా తెలుస్తుంది, అద్దం మీద స్కేలు మీరు లోపలి నుంచే ఆనించొచ్చు. అద్దం మందం ఐదారు మిల్లీమీటర్లే కాబట్టి మీటరు దూరం నుంచి తీస్తే ఆ తేడా లెక్కలోకి రాదు.

ప్రతి బల్లినీ మూడు ఫోటోల్లో కొలిచి నడిమి అంకె రాయండి. తోకకు వేరే గడి పెట్టండి. నునుపుగా, రంగు మారి, మొదట్లో నొక్కు కనిపిస్తే 'మళ్ళీ మొలిచింది' అని రాయండి. తోక అసలే లేకపోతే ఆ గడిలో సున్నా వేయకండి, గీత పెట్టండి. సున్నా వేస్తే రేపెవరో సగటు తీసినప్పుడు అది కూడా ఒక పొడవుగా లెక్కలో కలిసిపోతుంది.